కొట్టే చేతికి పని

మా నాన్నగారు పోలీసు హెడ్ కానిస్టేబులుగా రిటైరైన రోజున స్టేషనువాళ్ళు ఆయన మెడలో పూలదండ వేసి, వెండి పొన్ను బిగించిన చేతికర్ర ఒకటి బహుమానంగా ఇచ్చారు. జీవితమంతా లాఠీ పట్టిన మనిషికి మళ్ళీ కర్రే ఇవ్వాలన్న బుద్ధి ఎవడికి పుట్టిందో తెలీదు. వాడు కనబడితే ఆ కర్రతోనే నాలుగు తగిలించాలని నాకు చాలాకాలం ఉండేది. ఎందుకంటే ఆ కర్ర తొలిదెబ్బ పడింది మా అమ్మ వీపు మీద. దండ ఇంకా వాడనే లేదు.

స్వతంత్రం వచ్చిన మరుసటేడు సంగతి. కొత్తపేట, రాజోలు, ఇంకా ఏవేవో స్టేషన్లు తిరిగి ఆయన చివరికి అమలాపురం దగ్గర మా సొంత ఊరు చేరారు. నేను అప్పటికే అమలాపురంలో స్కూలు మాస్టారిని. రోజూ సైకిలు మీద పోయి వచ్చేవాణ్ణి. ఇంకా పెళ్ళి కాలేదు. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురం.

ఆయన ఉద్యోగం కొట్టడం. అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. దొంగల్ని కొట్టారు, దొంగలు కానివాళ్ళని దొంగలమని ఒప్పుకునేదాకా కొట్టారు. నలభై రెండులో జెండా పట్టుకున్న కుర్రాళ్ళ మోకాళ్ళు విరగ్గొట్టారు. నలభై ఏడులో అదే జెండాకి అదే చేత్తో సెల్యూట్ చేశారు. రెండు పనుల్లోనూ ఆయన శ్రద్ధకి వంక పెట్టడానికి లేదు. ఇంట్లోనూ కొట్టేవారు. కాకపోతే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ దెబ్బలు తాలూకా అంతటికీ పంచేవారు. రిటైరయ్యాక అవన్నీ మా అమ్మ ఒక్కదానికే దక్కాయి.

తెల్లవారకుండానే లేచేవారు. వేసుకునే పనిలేని బూట్లు తీసి, నా మొహం కనబడేంతగా మెరుగు పెట్టేవారు. కాలవ గట్టు మీద అటు చివరికీ ఇటు చివరికీ నడిచి వచ్చేవారు. అప్పటికి పొద్దు బారెడు కూడా ఎక్కేది కాదు. ఇక ఆ పైన రోజంతా ఖాళీ. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళు నమస్కారం పెడుతున్నారో లేదో చూసేవారు. పెట్టనివాణ్ణి పిలిచి చెంప పగలగొట్టేవారు. పాలవాడి పన్ను ఒకటి అలాగే ఊడింది. కొన్నాళ్ళకి జనం మా వీధిలోంచి నడవడం మానేశారు. అప్పుడు ఆయన లోపలికి తిరిగారు.

పప్పులో ఉప్పు తక్కువైతే చెంబు విసిరేవారు. సరిపోయిన రోజున, పిలిస్తే పలకలేదని కర్ర తీసేవారు. ఒకసారి అమ్మ మణికట్టు విరిగింది. ఎముకలు కట్టే ఆయన వచ్చి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. మెట్ల మీంచి పడ్డానని అమ్మ ఆయనతో చెప్పింది. మా ఇంటికి ఉన్నవి రెండు మెట్లు. ఆయన ఆ మెట్లు దిగుతూ వాటివంక చూసి వెళ్ళిపోయాడు. నేను మధ్యకి వెళ్తే నాకు రెండు, దానికి వడ్డీగా అమ్మకి మరో నాలుగు పడేవి. అందుకని అమ్మే నన్ను వెళ్ళనిచ్చేది కాదు. గదిలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆ చప్పుడు వినేవాణ్ణి. ఆ ఏడాది పిల్లలెవరికీ నా చేత మంచి మార్కులు పడలేదు.

ఆ చేతికి పని దొరికింది తాలింఖానాలో. అమలాపురంలో దసరాకి కత్తులూ కర్రలూ తిప్పుతూ ఊరేగింపు తీస్తారు. అది చూసి మా ఊళ్ళోనూ ఎప్పుడో పెట్టుకున్నారు. ఊరి వెనక తాటాకు పాక, ముందు ఇసక పోసిన చిన్న జాగా. అక్కడ కుర్రాళ్ళు సాము నేర్చుకునేవారు. వాళ్ళ గురువుగారు ఒక రోజు భయపడుతూనే మా అరుగు ఎక్కారు.

“హెడ్డుగారండీ, కుర్రతనంలో తమరు కత్తి బాగా తిప్పేవారంటండి. మా కుర్రాళ్ళకి కాస్త చెప్పాలండి.”

“చెప్పడం నాకు రాదు. కొట్టి నేర్పుతాను,” అన్నారు నాన్నగారు.

“ఆయ్, కొట్టండి.”

ఆ మాటతో మా ఇంటికి తెరిపి వచ్చింది. మర్నాటి నించి చీకటితోనే లేచి తాలింఖానాకి పోయేవారు. కర్ర దించినవాడి మోచేతి మీద కొట్టేవారు. వెనకడుగు వేసినవాడి పిక్క మీద కొట్టేవారు. కుర్రాళ్ళ ఒళ్ళు వాతలు తేలేది. అయినా మానలేదు సరికదా, ఆ వాతలు చూపించుకుని తిరిగేవారు. ఆయన మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చి, పెట్టింది తిని, గుర్రుపెట్టి నిద్రపోయేవారు. సాయంత్రం మళ్ళీ పోయేవారు. వెండి పొన్ను కర్ర మూలన పడింది. మూడు నెలలకి అమ్మ వీపు మీద పాత మచ్చలు తప్ప కొత్తవి లేవు. ఒక రోజు ఆవిడ బావి దగ్గర బట్టలు ఉతుకుతూ ఏదో కూనిరాగం తీసింది. అమ్మకి పాట వచ్చునని నాకు ఆ రోజు దాకా తెలీదు.

రెండు దసరాలు అలా గడిచాయి. రెండో ఏడు నించి ఊరేగింపులో అసలు వేడుక ఆయనదే. ఒక మనిషి చాప మీద వెల్లకిలా పడుకుంటాడు. అతని గొంతు మీద అడ్డంగా కూర అరటికాయ పెడతారు. కత్తి పట్టినవాడి కళ్ళకి నల్లగుడ్డ కడతారు. అతను చుట్టూ మూడుసార్లు తిరిగి, ఒక్క వేటుతో కాయని రెండు చెక్కలు చెయ్యాలి. పడుకున్నవాడి తోలు కూడా గీరుకోకూడదు. ఇందులో ఒక కిటుకు ఉంది. అమలాపురం సంగతి నాకు తెలీదు గానీ మా ఊళ్ళో మాత్రం ఆ గుడ్డ ముక్కు పక్కన కాస్త సందు ఉండేలా కట్టేవారు. ఆ సందులోంచి కింద కాయ చక్కగా కనిపిస్తుంది. తాలింఖానాలో అందరికీ తెలిసిన ఈ సంగతి బయట ఎవరూ అనరు. ఇంకొక నియమం కూడా ఉంది. కత్తికి ఒళ్ళు ఎక్కడైనా తెగితే తప్పు కొట్టినవాడిది కాదు. పడుకున్నవాడు కదిలాడన్న మాట. ఇంకో ప్రశ్న లేదు.

మూడో దసరా ఇంకా రెండు నెలలు ఉందనగా ఒక పొద్దున నేను స్కూలుకి బయల్దేరి మెట్ల కింద సైకిలు తుడుస్తున్నాను. నాన్నగారు అరుగు మీద నిలబడి చుట్ట కాలుస్తున్నారు. నా ఎదురుగా, నాకు రెండడుగుల దూరంలో. చుట్ట నోట్లోంచి తీసి కాండ్రించి ఉమ్మారు. అది నా ఉతికిన చొక్కా మీద, గుండెల మీద పడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇక ఈ మనిషిని పట్టుకుని కిందకి లాగెయ్యాలి, ఏమైతే అదైంది అని మెట్టు ఎక్కాను. ఆయన నావైపే తిరిగి ఉన్నారు. మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. నా భుజం మీంచి ఎటో చూస్తూ నింపాదిగా చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నారు. దగ్గరగా చూశాను. కళ్ళు రెండూ ఉడికిన చేప కళ్ళలా ఉన్నాయి.

ఆయన ఎవరు కనబడినా ముందు “ఎవడ్రా అది?” అని గద్దించడం నాకు అప్పుడు గుర్తొచ్చింది. అది పోలీసు పొగరని ఊరంతా అనుకునేది. గొంతు వినడానికి అలా అడుగుతున్నారని ఎవరికీ తట్టలేదు. చొక్కా మార్చుకుని వంటింట్లోకి వెళ్ళి అమ్మతో చెప్పాను.

“నాన్నగారికి చూపు లేదే.”

“తెలుసురా,” అంది అమ్మ, పొయ్యిలో కట్టె తోస్తూ.

“ఎప్పట్నించి?”

“దెబ్బలు గురి తప్పడం మొదలెట్టినప్పట్నించి తగ్గుతూనే ఉంది. తాలింఖానాకి పోకముందే. కొన్ని నాకు తగిలేవి, కొన్ని స్తంభానికి తగిలేవి. ఎక్కడ తగిలినా నేను అరిచేదాన్ని.”

“తగలకపోతే అరవడం దేనికి?”

“అరవకపోతే తగిలేదాకా కొడతారు కదరా.”

ఈ మాట ఆవిడ కూర తాలింపు గురించి చెప్పినట్టు చెప్పింది. కాకినాడ తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చూపిద్దామన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

“ఒప్పుకోరు. కళ్ళు పోయేయని అన్నవాడి కళ్ళు పొడుస్తారు. ఊళ్ళో తెలిసిందా, కత్తి ముట్టుకోనివ్వరు. అప్పుడు పొద్దున్నే లేచి ఆయన ఎక్కడికి పోతారు? ఆ చేతిలో కత్తి ఉన్నన్నాళ్ళే నా ఒళ్ళు నాది. నువ్వు నోరెత్తకు.”

“ఎవడి పీకైనా తెగితే?”

అమ్మ కట్టె సరిగా మండటం లేదని ఊదుతూ కూర్చుంది. నేను స్కూలుకి పోయాను.

దసరాకి నెల ఉందనగా తాలింఖానాలో సాధన చూడటానికి వెళ్ళాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆ రోజు చాప మీద పడుకున్నది కొబ్బరిచెట్లెక్కి దింపు తీసే అతను. పాతికేళ్ళవాడు, కొత్తగా తండ్రయ్యాడు. మొదట పొట్ట మీద కాయ పెట్టారు. నాన్నగారి కళ్ళకి గుడ్డ కట్టారు. ఆయన మూడుసార్లు తిరిగారు. కత్తి మొనతో కాయని ఒకసారి తాకి చూశారు. చెయ్యెత్తి వేశారు. కత్తి కాయ పక్కనించి జారి అతని డొక్కలో దిగింది. ఇసక ఎర్రబడింది. అతను కేక పెట్టి ముడుచుకుపోయాడు.

నాన్నగారు గుడ్డ పీకి పారేసి, కేక వచ్చిన వైపు కాలు చాచి తన్నారు.

“కదిలేవురా వెధవా! కత్తి కింద కదిలేవు!”

అతను రెండు చేతులతో డొక్క అదిమి పట్టుకుని, పళ్ళ బిగువున అన్నాడు: “ఆయ్, కదిలేనండి. తప్పయిపోయిందండి.”

అతను కదల్లేదు. నేను నా కళ్ళతో చూశాను. అక్కడున్న పదిమందీ చూశారు. అయినా అందరూ కదిలాడనే అన్నారు. చివరికి అతనే నమ్మాడు. గాయం మీద పసుపు అద్ది గుడ్డ చుట్టారు. దసరా నాటికి గొంతు మీద కాయ పెట్టుకోవాల్సింది కూడా అతనే. ఇప్పుడు వెనక్కి తగ్గితే పిరికివాడన్న పేరు వస్తుంది. ఆ పేరు మొయ్యడం కంటే చావడం అతనికి తేలిక.

మర్నాడు అతని భార్య పసిపిల్లని చంకనేసుకుని మా పెరటి దారిన వచ్చింది. “అమ్మగారండీ, మా ఆయన చెప్తే వినడండి. అయ్యగారితో మీరైనా చెప్పండి, ఈ ఏడుకి ఇంకెవరినైనా పెట్టమనండి,” అని అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. అమ్మ ఆ పిల్ల పాదాలు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ తల్లీబిడ్డా వెళ్ళాక అమ్మ గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. కొట్టినప్పుడు అరవడమే గానీ అమ్మ ఏడవడం నేను ఎరగను.

అప్పుడు నాకు ఒక ఆలోచన తట్టింది. ఆ దింపు తీసే అతను పరువు కోసం కత్తి కింద కదలడు. నాకు అలాంటి పరువేమీ లేదు. నేను పడుకుంటాను. కత్తి లేచే క్షణాన పక్కకి దొర్లిపోతాను. జనం నవ్వుతారు, మాస్టారు పిరికివాడంటారు. అంటే అన్నారు. ఎవడి గొంతూ తెగదు, అమ్మ ఒంటి మీదకి కర్ర రాదు. గురువుగారికి చెప్పాను. ఆయన పొంగిపోయారు.

“తండ్రి కత్తి కింద కొడుకండీ! జనం విరగబడిపోతారండి మాస్టారూ.”

నాన్నగారు మాత్రం నా మాట విని నవ్వారు. “నువ్వట్రా? చిన్నప్పుడు నేను బెల్టు తీస్తే మంచం కింద దూరేవాడివి.”

“ఇప్పుడు దూరనండి,” అన్నాను.

విజయదశమి సాయంత్రం ఊరేగింపు మా ఇంటి ముందు ఆగింది. ఎండ ఇంకా కొబ్బరాకుల మీద ఉంది. డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. అప్పటికే కర్రసాములో ఒకడి తల పగిలి, నెత్తురు మొహం మీదకి కారుతుంటే తుడుచుకోకుండా గెంతుతున్నాడు. అరుగుల మీద ఆడవాళ్ళు, గోడల మీద పిల్లలు. వీధి మధ్యలో చాప పరిచారు. నేను చొక్కా విప్పి పడుకున్నాను. నా గొంతు మీద అరటికాయ పెట్టారు. చల్లగా, బరువుగా ఉంది. నాన్నగారి కళ్ళకి నల్లగుడ్డ చుట్టారు, ఎప్పటిలాగే ముక్కు పక్కన సందు వదిలి. ఆ సందు ఉన్నా లేకపోయినా ఆయనకి ఒకటే. మా ఊరి తాలింఖానాలో నిజంగా కళ్ళకి గంతలు కట్టుకుని కత్తి తిప్పింది ఆయన ఒక్కరే.

అప్పుడు గురువుగారు గట్టిగా అన్నారు: “కిందటిసారి వాడు కదిలేడండి. ఈసారి అలా జరక్కూడదు. పట్టుకోండర్రా!”

నలుగురు కుర్రాళ్ళు వచ్చి నా మీద పడ్డారు. ఇద్దరు భుజాలు నొక్కారు, ఇద్దరు కాళ్ళ మీద కూర్చున్నారు. నేను పెనుగులాడాను. “వదలండ్రా, ఆయనకి కనబడదు!” అని అరిచాను. డప్పుల్లో నా గొంతు నాకే వినబడలేదు. భుజం పట్టుకున్నవాడు నా చెవిలో, “భయపడకండి మాస్టారండి, అయిపోయింది, అయిపోయింది,” అంటున్నాడు. నాన్నగారు చుట్టూ తిరిగారు. కత్తి మొన కాయ కోసం కిందకి దిగింది. అది తాకింది కాయని కాదు, నా గొంతు కింద ఎముకని. ఆయన అదే కాయ అనుకుని తల పంకించారు.

చెయ్యి లేస్తుండగా అమ్మ అరుగు మీంచి దిగింది. ఆవిడ ఎప్పుడు వచ్చిందో, జనాన్ని ఎలా తోసుకుందో తెలీదు. నా భుజాలు పట్టుకున్నవాళ్ళని మెడ పట్టి లాగింది. పెద్దావిడ వచ్చి మీద పడేసరికి వాళ్ళు బిత్తరపోయి వదిలేశారు. అమ్మ నన్ను పక్కకి నెట్టి, ఆ చాప మీద, నడివీధిలో, ఊరందరి ముందు తను వెల్లకిలా పడుకుంది. డప్పులు ఒకదాని తరవాత ఒకటి ఆగిపోయాయి.

“ఏవండీ,” అంది అమ్మ. “నేను.”

ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయింది.

“లేచి లోపలికి ఫో,” అన్నారు నాన్నగారు, పళ్ళు నూరుతూ.

“పోను. కొట్టండి. మీ దెబ్బ ఎక్కడ పడుతుందో నాకు తెలిసినట్టు ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలీదు. అది పడేచోటే కాయ పెట్టుకుంటాను. కొట్టండి.”

కింద పడిన అరటికాయని అమ్మ తీసి తన మెడ మీద పెట్టుకుని కాస్త పక్కకి జరిపింది. సరిగ్గా ఎక్కడో చూసుకుని, మళ్ళీ ఇంకాస్త జరిపింది. ఆ పని అంత నిదానంగా చేస్తుంటే చూసే ఆడవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. నాన్నగారు అడవిపందిలా ఒక అరుపు అరిచి, పక్కకి తిరిగి, ఉన్న బలమంతా పెట్టి కత్తి వేశారు. అది మా అరుగు స్తంభంలో దిగబడి ఊగుతూ నిలబడింది. ఆయన గంతలు పీకేసి రెండు చేతులూ ముందుకి చాచారు.

“ఎక్కడ చచ్చేవే? ఏదీ? ఎక్కడున్నావు?”

అమ్మ ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. ఆయన ఎదురుగా ఉన్న గోడవైపు వెతుకుతున్నారు. జనానికి అప్పుడు అర్థమైంది. ఎవరూ నవ్వలేదు. డొక్కలో ఇంకా కట్టుతో ఉన్న ఆ దింపు తీసే అతను ముందుకి వచ్చి, “ఇటండి హెడ్డుగారండీ,” అని చెయ్యి పట్టుకుని ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. గురువుగారు స్తంభంలోంచి కత్తి ఊడబెరికి, తల వంచుకుని తీసుకుపోయారు. ఊరేగింపు చప్పుడు లేకుండా కదిలిపోయింది.

కాకినాడ తీసుకెళ్ళాను. శుక్లాలు ముదిరి కంటి నరం కూడా చచ్చిపోయిందని, ఇక చేసేదేం లేదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇంటికొచ్చాక నాన్నగారు కొన్నాళ్ళు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆ తరవాత ఒక పొద్దున లేచి, తడుముకుంటూ మూలకి వెళ్ళి, వెండి పొన్ను కర్ర తీశారు. నేను భయపడిన రోజు వచ్చింది.

గుడ్డివాడి కోపం ఎలా ఉంటుందో నేను అప్పుడే చూశాను. ఎవరి మీదా గురి లేదు గనక అన్నిటి మీదా పడింది. నీళ్ళకుండ బద్దలైంది. దీపం చిమ్నీ, ఆవకాయ జాడీ, దేవుడి పటం వరసగా పగిలాయి. అమ్మ పెరట్లోకి పోయి నిలబడింది. ఆయన గుమ్మం దాకా వచ్చి గాల్లో కర్ర ఝాడిస్తూ బూతులు తిట్టారు. నేను ఎదురెళ్ళి కర్ర పట్టుకున్నాను. నా మోచేతి మీద ఒకటి పడింది, చెవి మీద ఒకటి పడింది. లాక్కుని మోకాలికి ఆనించి విరిచాను. ఆయన తూలి పెంకుల మీద పడ్డారు. అరచేతులు చీరుకుపోయాయి. ఆయన్ని లేవదియ్యాలని నాకు అనిపించలేదు. ఇప్పటికీ దానికి విచారం లేదు.

“ఇంకేం కొట్టనురా?” అన్నారు నాన్నగారు కింద కూర్చుని. అంత పెద్ద గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోయింది. “పొద్దు పోవట్లేదురా నాకు. చేతులు ఊరుకోవట్లేదు. ఏం చెయ్యను?”

అమ్మ పెరటి తలుపు తీసుకుని కాలవవైపు పోయింది. మా వైపు ఆడవాళ్ళు కాయ ఒలిచిన కొబ్బరి డొక్కలు నెలల తరబడి కాలవ నీళ్ళలో ఊరేసి, తీసి, కొయ్య సుత్తితో బాది పీచు తీస్తారు. ఆ పీచుతో తాళ్ళు పేనుతారు. అమ్మ ఎవరినో అడిగి ఒక గంపెడు డొక్కలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. కుళ్ళిన కంపు, నల్లనీళ్ళు ఆవిడ మొహం మీంచి కారుతున్నాయి. గంప ఆయన ముందు దింపి, ఒక చదును దుంగ వేసి, కొయ్య సుత్తి ఆయన చేతిలో పెట్టింది.

“కొట్టండి.”

ఆయన వాసన పట్టి, మొహం చిట్లించారు. “ఛీ. ఆడాళ్ళ పని.”

“కొట్టడం ఆడాళ్ళ పని ఎప్పుడయిందండీ?” అంది అమ్మ.

ఆయన సుత్తి ఎత్తారు. అది అమ్మ మీదకే వస్తుందని నేను ముందుకి ఉరికాను. అది దుంగ మీద పడింది. మళ్ళీ పడింది. ఆ పొద్దు డొక్కల్ని కాదు ఆయన బాదింది. డిపార్టుమెంటుని, తాలింఖానాని, నన్ను, కళ్ళని, అందరినీ బాదారు. చీరుకున్న అరచేతుల నెత్తురు సుత్తి పిడికి అంటుకుంది. మధ్యాహ్నానికి ముందర ఎర్రటి పీచు కుప్ప అయింది. అన్నం తిని, గుర్రుపెట్టి నిద్రపోయారు.

మర్నాడు చీకటితోనే లేచి, “డొక్కలేవే?” అని అడిగారు. ఆ తరవాత రోజూ అదే. మాజీ హెడ్డుగారు పీచు కొడుతున్నారని మొదట జనం గోడ మీంచి తొంగిచూశారు, తరవాత అలవాటు పడ్డారు. ఏడాది తిరిగేసరికి వేళ్ళతో తడిమి, ఈ డొక్క ఊరలేదు, ఇది ఎక్కువ ఊరింది అని కాలవ గట్టు ఆడవాళ్ళ మీద కేకలేసేవారు. వాళ్ళు “ఆయ్, అలాగేనండి,” అని నవ్వుకుంటూ పోయేవారు. ఆయన మంచివాడైపోయారని నేను చెప్పను. నోరు అలాగే ఉంది. చెయ్యికి మాత్రం తీరిక లేదు.

డొక్కని దుంగ మీద పెట్టి, దెబ్బకీ దెబ్బకీ మధ్య తిప్పేది అమ్మ. మొదట్లో భయంతో కర్రపుల్లతో తిప్పేది. పని సాగడం లేదని ఆయన కసురుకుంటే చేత్తోనే తిప్పడం మొదలెట్టింది. ఒక రోజు నేను పెరట్లో నీళ్ళు తోడుతున్నాను. సుత్తి చప్పుడు తేడాగా వినిపించింది. మెత్తగా ఉంది. తిరిగి చూస్తే అమ్మ పెదవి కొరుక్కుని కూర్చుంది. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు.

నాన్నగారు సుత్తి పక్కన పెట్టారు. చెయ్యి చాచి, వెతుక్కుని, అమ్మ చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళన్నీ ఒక్కొక్కటే తడిమి చూశారు. నలిగిన వేలు దగ్గర ఆగారు.

“తగిలిందా?”

“లేదండి.”

ఆయన ఆ వేలు వదల్లేదు. ఇద్దరూ ఆ పీచు కుప్ప పక్కన అలాగే కూర్చున్నారు. నేను చేద కిందపెట్టి, చూడకూడనిది చూసినట్టు లోపలికి వచ్చేశాను.

అన్నేళ్ళలో మా అమ్మని ఒక్కసారి కూడా అడగకుండా కొట్టిన మనిషి, ఆ రోజు నించి పోయేదాకా సుత్తి ఎత్తిన ప్రతిసారీ అడిగారు. మా పెరట్లోంచి పొద్దస్తమానం ఆ రెండు గొంతులే వినిపించేవి.

“చెయ్యి తీసేవా?”

“తీసేనండి. కొట్టండి.”